టెక్సస్ తుపాకీ చట్టం: కొత్తవాళ్లకు ఎవరు చెప్పాలి?

టెక్సస్ రాష్ట్రంలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, దేవాలయాల పాలకమండళ్లకు బహిరంగ లేఖ

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి నడుముకు పిస్టల్ తగిలించుకుని వీధిలోకి రావడానికి లైసెన్సు అక్కర్లేదు. 21 ఏళ్లు నిండి, చట్టం కాదన్నవాళ్ల జాబితాలో లేకపోతే చాలు. అంతకు ముందు లైసెన్సు కావాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు తరగతిలో కూర్చోవాలి, రాతపరీక్ష నెగ్గాలి, 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చి గురి చూపించాలి. తుపాకీతో ఎక్కడికి వెళ్లకూడదు, ఎప్పుడు పేల్చకూడదు, పోలీసు ఆపితే ఏం చేయాలి అన్న సంగతులు ఆ తరగతిలోనే చెప్పేవారు. తరగతి ఇప్పటికీ ఉంది, లైసెన్సూ ఉంది. తప్పనిసరి అన్న మాటే పోయింది. నిషేధాలు, శిక్షలు మాత్రం దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని తెలుసుకునే పని ఎవరికి వారే చూసుకోవాలి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో కొత్తగా దిగిన తెలుగు విద్యార్థికి ఇది రెండింతల బరువు. తుపాకులున్నవాళ్ల మధ్య మసలడం అతనికి కొత్త. పైగా అతని వీసాకు వర్తించే ఫెడరల్ చట్టం రాష్ట్ర చట్టానికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది. గది వెతుక్కోవడం, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ పరీక్ష గురించి మాట్లాడే స్వాగత సమావేశాల్లో ఈ విషయానికి కూడా ఒక గంట కేటాయించడం సంఘాల చేతిలో ఉన్న పని. ఆ గంటలో చెప్పవలసినదేమిటో వివరించడానికే ఈ లేఖ.

హైదరాబాద్‌లోనైనా గుంటూరులోనైనా పెరిగిన మనిషికి తుపాకీ అంటే కమిషనర్ గారో కలెక్టర్ గారో సంతకం పెట్టి ఇచ్చే అనుమతి. ఎందుకు కావాలో అడిగేవాడు నిరూపించుకోవాలి. టెక్సస్‌లో వరుస తలకిందులు: హక్కు ముందు ఉంటుంది, కాదనాలంటే కారణం ప్రభుత్వం చూపించాలి. అయితే కౌబాయ్ సినిమాల్లో కనబడే టెక్సస్ అసలు టెక్సస్ కాదు. 1871లో అక్కడి శాసనసభ బహిరంగంగా పిస్టల్ పట్టుకుతిరగడాన్ని నిషేధించింది. సొంత స్థలం, ప్రయాణం లాంటి మినహాయింపులు మాత్రమే ఇచ్చింది. 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఆయుధం ఉంచుకునే హక్కును గుర్తిస్తూనే, నేరాలు అరికట్టడానికి ఆయుధాలు ధరించి తిరగడాన్ని నియంత్రించే అధికారం శాసనసభకు ఇచ్చింది. ఆ కట్టడి నూటపాతికేళ్లకు దగ్గరగా నిలిచింది.

మార్పుకు మొదలు 1991 అక్టోబరు 16. కిలీన్ పట్టణంలో లూబీస్ అనే భోజనశాలలోకి ఒక దుండగుడు ట్రక్కుతో దూసుకొచ్చి 23 మందిని చంపాడు. ఆ పూట అక్కడ తల్లిదండ్రులతో భోజనానికి వచ్చిన సుజానా హప్ తన రివాల్వర్‌ను చట్టానికి భయపడి కారులోనే వదిలేసి వచ్చింది. అమ్మా నాన్నా ఇద్దరూ ఆమె కళ్లముందే పోయారు. ఆ తర్వాత ఆమె ఊరూరా తిరిగి ఈ మాట చెప్పింది, 1996లో శాసనసభకు ఎన్నికైంది. 1993లో గవర్నర్ ఆన్ రిచర్డ్స్ ఈ అంశంపై ప్రజాభిప్రాయం కోరే బిల్లును వీటో చేసింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆమెను ఓడించిన జార్జి డబ్ల్యూ. బుష్ 1995లో రహస్యంగా పిస్టల్ ధరించే లైసెన్సు చట్టంపై సంతకం పెట్టాడు. ఆ తర్వాత దారి ఒకవైపే సాగింది. 2007లో సొంత కారులో పిస్టల్ ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్నారు. 2016 జనవరి నుంచి లైసెన్సున్నవాళ్లు పిస్టల్‌ను పైకి కనబడేలా పెట్టుకోవచ్చు. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి విశ్వవిద్యాలయాల్లోకీ అనుమతి వచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం గోపురం ఎక్కి ఒకడు కాల్పులు జరిపి అప్పటికి సరిగ్గా 50 ఏళ్లు. శాసనసభ ఆ తేదీని కావాలని ఎంచుకున్నా ఎంచుకోకపోయినా చాలామంది మనసు చివుక్కుమంది. ఆ వరుసలో చివరిది 2021 నాటి హౌస్ బిల్ 1927. పెద్ద నగరాల పోలీసు అధిపతులు చాలామంది దాన్ని వ్యతిరేకించారు. 15 లక్షలకు పైగా లైసెన్సుదారులున్న రాష్ట్రంలో లైసెన్సే అనవసరమైపోయింది.

అనుమతి అవసరం లేనిది ధరించడానికే. కొనడానికి ఫెడరల్ నిబంధనలు ఉన్నాయి. దుకాణంలో కొనేవాడు 4473 అనే ఫారం నింపాలి. పౌరసత్వం, వీసా, నేరచరిత్ర వంటి ప్రశ్నలకు జవాబిచ్చి సంతకం చేయాలి. దుకాణదారు 1998 నుంచి నడుస్తున్న జాతీయ తనిఖీ వ్యవస్థకు ఆ వివరాలు పంపుతాడు. దుకాణంలో పిస్టల్‌కు 21 ఏళ్లు, రైఫిల్‌కు 18 ఏళ్లు ఉండాలి. 2022 మే 24న యువాల్డీ బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపినవాడు 18 నిండిన కొద్ది రోజులకే చట్టప్రకారం రైఫిళ్లు కొన్నాడు. ఇక దుకాణం కాకుండా ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అమ్మితే టెక్సస్‌లో తనిఖీ అవసరమే లేదు. 2019 ఆగస్టు 31న మిడ్‌లాండ్–ఒడెస్సా రోడ్లమీద ఏడుగురిని చంపినవాడు 2014లో దుకాణంలో తనిఖీ నెగ్గలేకపోయాడు. తర్వాత ఒక ప్రైవేటు మనిషి దగ్గర రైఫిల్ కొన్నాడు. ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో చెప్పే రాష్ట్ర పట్టికా లేదు. కాబట్టి ఎదుటి కారులో, పక్క ఇంట్లో, అంగట్లో వెనక వరుసలో నిలబడ్డ మనిషి జేబులో తుపాకీ ఉండవచ్చు అనుకునే మెలగడం అక్కడి సాధారణ వివేకం. అది భయపడుతూ బతకమని చెప్పడం కాదు. రోడ్డుమీద మాటామాటా పెరిగినప్పుడు కారు దిగకుండా ఉండటానికి అది చాలినంత కారణం.

ఎవరు ధరించకూడదన్నదానికి జాబితా పొడుగే. ఘోరనేరాల్లో శిక్షపడినవాళ్లు, గత ఐదేళ్లలో దాడి, బెదిరింపు వంటి కొన్ని చిన్న నేరాల్లో శిక్షపడినవాళ్లు, ముఠా సభ్యులు, తాగి మత్తులో ఉన్నవాళ్లు అందులో ఉన్నారు. 21 ఏళ్ల నిబంధనను 2022లో ఒక ఫెడరల్ న్యాయస్థానం కొట్టేసింది. రాష్ట్రం అప్పీలు విరమించుకుని 18 నిండినవాళ్లకూ లైసెన్సులివ్వడం మొదలుపెట్టింది. రైఫిల్‌ను భుజానికి వేసుకుని తిరగడానికైతే ఎప్పుడూ లైసెన్సు అడగలేదు. జనం బెదిరేలా ఆయుధాన్ని ప్రదర్శించడం మాత్రం నేరం. పైకి కనబడే పిస్టల్ ఒరలో ఉండాలి. లక్ష, అంతకు మించి జనాభా ఉన్న నగరాల హద్దుల్లో నిర్లక్ష్యంగా గాల్లోకి కాల్చడమూ శిక్షార్హమే. అయినా కొత్త సంవత్సరం రాత్రి, జులై 4 రాత్రి ఆ చప్పుళ్లు వినబడతాయి. దీపావళికి టపాసులు పేల్చే కాలనీల్లో ముందురోజే చుట్టుపక్కలవాళ్లకు ఒక మాట చెబితే 911కు అనవసరపు ఫోన్లు తగ్గుతాయి.

ఎక్కడికి తేకూడదో కూడా చట్టం చెబుతుంది: బడులు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, జైళ్లు, విమానాశ్రయంలో తనిఖీ దాటిన భాగం, ఆటల పోటీలు జరిగే చోట్లు. రాబడిలో 51 శాతమో అంతకన్నా ఎక్కువో అక్కడే తాగే మద్యం మీద వచ్చే బార్లు కూడా ఇందులోవే. వాటి గోడమీద ఎర్ర అక్షరాల్లో 51 శాతం అని బోర్డు ఉంటుంది. మామూలు హోటల్లో, అంగట్లో, సినిమా హాల్లో మాత్రం యజమాని వద్దంటేనే వద్దు. ఉగాదికో బతుకమ్మకో బడి ఆడిటోరియం అద్దెకు తీసుకుంటే ఆ భవనం బడి కిందికే వస్తుంది. సభకు వచ్చేవాళ్లకు ఈ సంగతి ఆహ్వానపత్రికలోనే చెప్పడం నిర్వాహకుల బాధ్యత.

దేవాలయాల విషయం ఇంతకన్నా లోతుగా ఆలోచించదగ్గది. 2017 నవంబరు 5న సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో కాల్పులకు 26 ప్రాణాలు పోయాయి. 2019 నాటి చట్ట సవరణతో ప్రార్థనాస్థలాల ప్రత్యేక నిషేధం తొలగింది. గుడి కూడా మిగతా ప్రైవేటు స్థలాల్లాంటిదే అయింది. ఆ ఏడాది డిసెంబరు 29న ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్‌లోని ఒక చర్చిలో ఇద్దరిని చంపిన దుండగుణ్ణి ఆ చర్చి స్వచ్ఛంద భద్రతా దళంలోని మనిషి ఒక్క తూటాతో కూల్చాడు. తుపాకీ పక్షంవాళ్లు ఈ ఉదంతాన్ని తరచూ చెబుతారు. అందులో నిజం లేకపోలేదు, కాల్చినవాడు దశాబ్దాల అనుభవమున్న శిక్షకుడన్న సంగతి కూడా దానితో కలిపే చెప్పాలి. ఇప్పుడు ఫ్రిస్కోలోని హనుమంతుడి గుడి అయినా, పియర్‌లాండ్‌లోని మీనాక్షి గుడి అయినా, పాలకమండలి నోరు తెరిచి వద్దనకపోతే తుపాకీతో రావడం చట్టసమ్మతం. వద్దనాలంటే ఎర్రగీత కొట్టిన తుపాకీ బొమ్మ అంటిస్తే చాలదు. రాష్ట్ర శిక్షాస్మృతిలో మూడు సెక్షన్లున్నాయి: లైసెన్సు లేనివాళ్లకు 30.05, లైసెన్సుండి దాచుకుని వచ్చేవాళ్లకు 30.06, లైసెన్సుండి కనబడేలా వచ్చేవాళ్లకు 30.07. చట్టం ఇచ్చిన మాటలనే ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళానికి తగ్గని అక్షరాల్లో రాసి, ద్వారాల దగ్గర స్పష్టంగా కనబడేలా పెట్టాలి. మూడింట్లో ఒక్కటి పెట్టి ఊరుకుంటే మిగతా రెండు తలుపులు తెరిచి ఉంచినట్టే. బోర్డు చూసీ లోపలికొస్తే 200 డాలర్ల వరకు జరిమానా. మనిషి వచ్చి వెళ్లమని చెప్పినా కదలకపోతే ఏడాది వరకు జైలు. గుడి ఏ విధానం పెట్టుకోవాలన్నది భక్తులు నిర్ణయించుకోవలసిన విషయం. ఏదీ నిర్ణయించకపోవడం మాత్రం నిర్ణయమే అవుతుంది. పెద్ద పండుగలకు డ్యూటీలో లేని పోలీసులను యూనిఫారంతో కుదుర్చుకోవడం అక్కడ మామూలే. ప్రార్థనాస్థలాల భద్రతకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు గుళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు.

విశ్వవిద్యాలయాల్లో పద్ధతి వేరు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో లైసెన్సున్నవాళ్లు మాత్రమే, అదీ కనబడకుండా, పిస్టల్ తేవచ్చు. లైసెన్సు అక్కర్లేదన్న 2021 చట్టం అక్కడ పనిచేయదు. కనబడేలా పెట్టుకోవడం నిషిద్ధం. రైస్, బేలర్, సదరన్ మెథడిస్ట్ వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమకున్న అవకాశం వాడుకుని వద్దన్నాయి. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరే డాలస్, ఆర్లింగ్టన్, డెంటన్ ప్రాంగణాలు ప్రభుత్వానివే. తరగతిలో పక్కన కూర్చున్నవాడి సంచిలో పిస్టల్ ఉందా అని అడిగే హక్కు ఎవరికీ ప్రత్యేకంగా లేదు. గదిని పంచుకోబోయేవాణ్ణి మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. ఎందుకో వీసా సంగతి చూస్తే తెలుస్తుంది.

తాత్కాలిక వీసా మీద అమెరికాలో ఉన్న మనిషి తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. ఎఫ్1 విద్యార్థి, చదువు ముగిసి ఓపీటీలో ఉన్నవాడు, హెచ్1బీ ఉద్యోగి, హెచ్4 మీద ఉన్న భార్య లేక భర్త, బీ2 మీద పిల్లల్ని చూడవచ్చిన తల్లిదండ్రులు, అందరికీ ఇదే వర్తిస్తుంది. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. రాష్ట్రం ఇచ్చిన స్వేచ్ఛ ఇక్కడ అక్కరకు రాదు. కొనడం ఒక్కటే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా కలిగి ఉండటమే. వారాంతంలో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, అద్దె పిస్టల్‌తో పది తూటాలు కాల్చి, ఫొటో పెట్టుకోవడం విద్యార్థులకు సరదాగా కనిపిస్తుంది. రేంజ్ వాడు ఫారం మీద సంతకం తీసుకుని లోపలికి పంపినంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. ఫ్లోరిడాలో చదువు సాగక విశ్వవిద్యాలయం తీసేసిన ఒక అరబ్ విద్యార్థి రేంజ్‌కు వెళ్లి కాల్చినందుకు జైలు శిక్ష పడింది. రెహైఫ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నిందితుడికి తన వలసస్థితి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో ఆ కోర్టు తీర్పు చెప్పింది. తీర్పు అతని పక్షానే వచ్చినా, అంతదాకా వెళ్లిన ఏళ్లను ఎవరూ తిరిగివ్వరు. తన వీసా ఏమిటో ప్రతి ఎఫ్1 విద్యార్థికీ తెలుసు కనుక ఆ వాదన మిగతావాళ్లకు పెద్దగా పనికీ రాదు.

చట్టంలో ఒక సందు ఉంది: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో వేట లైసెన్సును పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ అమ్ముతుంది. అది ఆగస్టు ఆఖరుతో ముగిసిపోతుంది. ముగిసిన మరునాడు అదే తుపాకీ అదే అలమారలో నేరమవుతుంది. వీసా హోదాలో చిన్న చిక్కు వచ్చినా లెక్క మారుతుంది. అందుకే ఈ సందులోంచి వెళ్లదలచినవాళ్లు తోటి విద్యార్థిని కాదు, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగాలి. గదిలో ఉండే పౌరుడి తుపాకీ బల్లమీద పడి ఉంటే, దాన్ని ఎప్పుడంటే అప్పుడు తీసుకునే వీలు ఉంటే, వీసాదారుడి మీద కూడా ఆరోపణ రావచ్చు. భర్తకు గ్రీన్ కార్డు, భార్యకు తాత్కాలిక వీసా అయిన ఇంట్లోనూ ఇదే సమస్య. తాళం, దాని సంకేతం హక్కున్న మనిషి దగ్గరే ఉండటం మంచిది. వీసా మీద ఉన్న స్నేహితుడి కోసం తన పేరున తుపాకీ కొనిపెట్టడం విడిగా ఇంకొక ఫెడరల్ నేరం, దానికీ 15 ఏళ్ల వరకు శిక్ష.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు చట్టప్రకారం కొనవచ్చు, ధరించవచ్చు. వాళ్లు మరచిపోయే సంగతి మరొకటి: తుపాకీ చట్టాన్ని ఉల్లంఘించిన నేరం ఏదైనా రుజువైతే, గ్రీన్ కార్డు ఎన్నేళ్ల క్రితం వచ్చినా, దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే కారణంగా చాలుతుంది. మరచిపోయి పిస్టల్‌తో బార్‌లోకి వెళ్లిన పౌరుడికి పోయేది డబ్బు, పరువు, కొంతకాలం స్వేచ్ఛ. గ్రీన్ కార్డుదారుడికి ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ ఆ కేసుతో ముడిపడతాయి. నేరాన్ని ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడమని క్రిమినల్ న్యాయవాది సలహా ఇచ్చినప్పుడు, ఒప్పుకునే ముందు వలస న్యాయవాదిని కూడా సంప్రదించాలి.

ఇంట్లో పిల్లలున్నప్పుడు 17 ఏళ్లలోపువాళ్లకు నిండిన తుపాకీ అందేలా వదిలేయడం 1995 నుంచి టెక్సస్‌లో నేరం. పిల్లవాడు దాన్ని పేల్చి ఎవరైనా చనిపోతే, తీవ్రంగా గాయపడితే శిక్ష పెరుగుతుంది. అయినా శిక్షలు స్వల్పమే. 2018 మే 18న శాంటా ఫే ఉన్నత పాఠశాలలో పదిమందిని చంపిన 17 ఏళ్ల కుర్రాడు తండ్రి తుపాకులు తెచ్చాడు. బాధితుల కుటుంబాలు వేసిన దావాలో జ్యూరీ 2024లో ఆ తల్లిదండ్రులను బాధ్యులను చేయలేదు. అంటే చట్టం మీద ఆధారపడటం కన్నా అడిగి తెలుసుకోవడం మేలు. పిల్లలు స్నేహితుల ఇంట్లో రాత్రి పడుకుంటామన్నప్పుడు వేరుశెనగ పడదు అని చెప్పినంత మామూలుగా, ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలోనే ఉంటుందా అని అడగవచ్చు. టెక్సస్ తల్లులు ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు, మొహమాటమంతా మనవాళ్లదే.

తుపాకీ మరణాలంటే దోపిడీలు, మూకుమ్మడి కాల్పులే గుర్తొస్తాయి. అమెరికాలో వాటిలో సగానికి పైగా ఆత్మహత్యలు. ఉద్యోగం పోయి, వీసా గడువు తరుముతున్న కుర్రాడి చుట్టూ తుపాకీ దొరికే వీలు లేకుండా చూడటం తోటివాళ్లు చేయగల అతి పెద్ద సాయం. కొన్ని రాష్ట్రాల్లో కుటుంబసభ్యులు కోర్టుకు వెళ్లి అలాంటి మనిషి దగ్గరి ఆయుధాన్ని తాత్కాలికంగా తీయించవచ్చు. టెక్సస్‌లో ఆ దారి లేదు. 2025లో శాసనసభ అలాంటి ఉత్తర్వుల అమలునే నిషేధించింది. మిగిలింది 988 అనే జాతీయ సహాయ నంబరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 911 ఉంది; మానసిక సంక్షోభంలో ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకునే అధికారం పోలీసులకు ఉంది.

టెక్సస్ చట్టం ఇంటివాడి వైపు బాగా మొగ్గుతుంది. రాత్రివేళ దొంగతనాన్ని ఆపడానికి, కొన్ని షరతులతో, ప్రాణం తీసే బలాన్నీ అది ఒప్పుకుంటుంది. 2023 ఏప్రిల్‌లో ఆస్టిన్ దగ్గర ఎల్గిన్‌లో ఒక అంగడి పార్కింగ్‌లో తమదనుకుని వేరే కారు తలుపు తీసిన పాపానికి ఇద్దరు అమ్మాయిలకు తూటాలు తగిలాయి. అది నేరమే అయింది. కానీ చట్టం ఎవరి వైపు ఉన్నా తూటా వెనక్కి రాదు. రాత్రుళ్లు భోజనం పొట్లాలు అందించే కుర్రాళ్లు ఇంటి నంబరు సరిచూసుకోవడం, చీకట్లో పెరటి దారిన వెళ్లకపోవడం, తలుపు తట్టి నాలుగడుగులు వెనక్కి నిలబడటం అలవాటు చేసుకోవాలి.

పోలీసుల సంగతికి వస్తే, టెక్సస్‌లో అంతటికీ ఒకే పోలీసు శాఖ లేదు. 254 కౌంటీలకు ఎన్నికైన షెరీఫ్‌లు, వాళ్లకు తోడు ఎన్నికల్లోనే గెలిచే కానిస్టేబుళ్లు, నగరాల పోలీసులు, బడుల, విశ్వవిద్యాలయాల సొంత పోలీసులు, హైవేలమీద రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ ట్రూపర్లు ఉంటారు. 2007 నుంచి ఏ కారులోనైనా పిస్టల్ ఉండవచ్చు కనుక కారు ఆపిన ప్రతి అధికారీ అది ఉందనుకునే దగ్గరికొస్తాడు. అక్కడే మనవాళ్ల అలవాటు ప్రమాదం తెస్తుంది. హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసు ఆపితే డ్రైవరు దిగి, కాగితాలు పట్టుకుని, ఎస్సై గారి దగ్గరికి నడిచి వెళ్లడం మర్యాద. టెక్సస్‌లో కారు దిగి అధికారి వైపు నడవడం బెదిరింపులా కనబడుతుంది. 2017లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఉన్నత పాఠశాలల్లో, డ్రైవింగ్ శిక్షణలో ఈ పాఠం చెబుతున్నారు. రాష్ట్ర డ్రైవర్ల పుస్తకంలోనూ ఉంది. కుడి పక్కకు ఆపాలి, రాత్రయితే లోపలి దీపం వేయాలి, అద్దం దించాలి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడాలి. అడిగాకే, చెప్పాకే లైసెన్సు కోసం చేయి కదపాలి. వెనక సీట్లోవాళ్లు సంచుల్లో వెతకడం, తెలుగులో గట్టిగా సలహాలివ్వడం మానుకోవాలి. తుపాకీ లైసెన్సున్నవాళ్లు గుర్తింపు అడిగినప్పుడు దాన్ని కూడా చూపాలి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉన్నవాళ్లకు ఆ విధి లేదు, అయినా చేతులు కదపకుండా ముందే చెప్పడం వివేకం. తన భద్రత కోసం అధికారి దాన్ని తీసి ఉంచుకోవచ్చు, వదిలిపెట్టేటప్పుడు తిరిగివ్వాలి. కారు వెతకడానికి అనుమతి అడిగితే వద్దని మర్యాదగా చెప్పే హక్కు ఉంది, చేతులు అడ్డం పెట్టే హక్కు లేదు. స్నేహితుడి కారు అరువు తీసుకున్న వీసాదారుడు డాష్‌బోర్డు పెట్టెలో పిస్టల్ ఉందేమో బయల్దేరే ముందే అడగాలి.

కనబడే తుపాకీ పోలీసులకే చిక్కులు తెచ్చిన సందర్భమూ ఉంది. 2016 జులై 7న డాలస్ నడిబొడ్డున ఒకడు ఐదుగురు పోలీసులను కాల్చి చంపిన రాత్రి, ఊరేగింపులో చట్టప్రకారం రైఫిళ్లు వేసుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరి ఫొటోను పోలీసులే అనుమానితుడంటూ ప్రచారంలో పెట్టారు. ఆ మనిషికి ఆ దాడితో ఏ సంబంధమూ లేదు. ఎదుటివాడు రక్షకుడో హంతకుడో తేల్చుకోవడానికి అధికారికి దొరికేది రెండు క్షణాలు. అందుకే కాల్పులు జరిగే చోట పోలీసులు లోపలికొచ్చేసరికి చేతులు ఖాళీగా, పైకి కనబడుతూ ఉండాలి. నల్లటి ఫోను కూడా తుపాకీలా కనబడవచ్చు. శాన్ మార్కస్‌లోని టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2002 నుంచి నడుస్తున్న అలర్ట్ అనే శిక్షణ కేంద్రం పౌరులకు చెప్పే వరుస ఇది: ముందు తప్పించుకోవాలి, వీలు కాకపోతే తలుపుకు అడ్డం పెట్టాలి, అదీ కాకపోతే ఎదిరించాలి. పోలీసులకు చెప్పేది ఆగకుండా హంతకుడి వైపు వెళ్లమని. 2023 మే 6న డాలస్‌కు ఉత్తరాన అలెన్ అంగళ్ల సముదాయంలో ఎనిమిది మంది చనిపోయినప్పుడు (వాళ్లలో ఒక తెలుగమ్మాయి ఉంది) వేరే పనిమీద అక్కడే ఉన్న పోలీసు ఒక్కడే పరుగున వెళ్లి నిమిషాల్లో హంతకుణ్ణి కూల్చాడు. అంతకు ఏడాది ముందు యువాల్డీలో 376 మంది అధికారులు చేరి కూడా ఆ తరగతి గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. రాష్ట్రం ఒకటే, శిక్షణ సూత్రం ఒకటే. 2023 నుంచి ప్రతి బడిలో సాయుధ అధికారి ఉండాలని చట్టం చేశారు. ఆయుధం ఉండటమే జవాబైతే యువాల్డీలో దానికి కొరత లేదు.

రాత్రివేళ గ్యాస్ స్టేషన్లలో, చిల్లర దుకాణాల్లో కౌంటర్ దగ్గర నిలబడే విద్యార్థులకు అసలు ముప్పు దోపిడీ. డబ్బు ఇచ్చేయడమే అక్కడ పాటించవలసిన నియమం. గల్లాపెట్టెలోని నోట్లు యజమానివి, ప్రాణం తనది. అనుమతి లేని పని చేస్తున్నానన్న భయంతో దెబ్బ తిన్నా పోలీసులను పిలవనివాళ్లు ఉంటారు. 2017 నాటి రాష్ట్ర చట్టం పట్టుబడినవాళ్ల వలసస్థితి అడిగే అధికారం పోలీసులకు ఇచ్చినా, బాధితులను, సాక్షులను దర్యాప్తుకు అవసరమైతే తప్ప అడగవద్దంది. తీవ్రమైన దాడికి గురై దర్యాప్తుకు సహకరించినవాళ్లకు యూ వీసా ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కనుక ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆసుపత్రి ఖర్చులకు రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నడిపే నేరబాధితుల పరిహార నిధి ఉంది. ఇంగ్లీషు తడబడితే 911లో భాష పేరు చెబితే చాలు, చాలాచోట్ల దుబాసీని ఫోన్‌లోకి కలుపుతారు. ఈ పేర్లు, నంబర్లు ఒక కాగితం మీద అచ్చువేసి తెలుగు దుకాణాల్లో, గుడి ప్రసాదాల గది దగ్గర ఉంచడం సంఘాలకు పెద్ద ఖర్చు కాదు.

చివరగా ప్రయాణాల సంగతి. టెక్సస్‌లో సంచి అడుగున మరచిపోయిన తూటా ఇంటి అలవాటులో ఒక చిన్న అజాగ్రత్త. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం తనిఖీల్లో తుపాకులు పట్టుబడే చోట్లలో ఏటా ముందు వరుసలో ఉంటుంది. 2023లో దేశమంతా కలిపి 6,737 దొరికాయి, అత్యధికం నిండినవే. అక్కడ జరిమానాతో పోవచ్చు. అదే తూటా శంషాబాద్‌లో ఎక్స్‌రే కింద కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక తెచ్చానని నిరూపించుకున్నవాళ్లపై కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి, కానీ ఆలోగా పాస్‌పోర్టు, సెలవులు, తిరుగు ప్రయాణం అన్నీ ఆగిపోతాయి. తుపాకీ రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని విమాన ప్రయాణానికి వాడకపోవడం, అరువు తెచ్చిన సంచిని జేబులతో సహా బోర్లించి చూసుకోవడం ప్రయాణానికి ముందురోజు చేయవలసిన పనులు.